గడ్డిమేటు మీద నుంచి పడ్డ పిల్ల

మీనాకుమారికి చీర కట్టుకోవడానికి మిగతా ఆడవాళ్ళకంటే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. అందులో సగం తువ్వాలుకే పోతుంది. పాత నూలు తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, అంచులు లోపలికి మడిచి, లంగా బొందు కింద ఎడమ తుంటి మీద సరిగ్గా గుంట ఉన్నచోట దోపుకోవాలి. కాస్త పైకి జరిగితే నడుం వాచినట్టు కనిపిస్తుంది. కిందికి జారితే నలుగురిలో నవ్వులపాలు. అది పెట్టుకోకపోతే కుచ్చిళ్ళు ఎంత సర్దినా చీర ఎడమవైపుకి వాలిపోతుంది. పద్నాలుగో ఏట మొదటిసారి ఓణీ వేసుకున్న రోజు తల్లి శ్యామలాంబ నేర్పిన పని అది. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేసరికి కళ్ళు మూసుకుని చెయ్యగలిగేంత అలవాటైపోయింది.

"ఏవండీ, లావణ్య బాక్సు సర్దారా?" అని లోపలినుంచే అడిగింది.

"సర్దాను. పెరుగన్నంలో ఆవకాయ వద్దంటోంది మీ కూతురు. ఇది గోదావరి జిల్లాలో పుట్టిన పిల్లేనా అని నాకు అనుమానం," అన్నాడు సుధాకర్.

రాజమండ్రి తాడితోటలో వాళ్ళకి చిన్న చీరల దుకాణం ఉంది. ఉప్పాడ చీరలకి ఆ దుకాణం పేరు. బేరం చెయ్యడంలో మీనాకుమారిని మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. కానీ ఎవరైనా "ఏదీ, ఓసారి మీరు కట్టుకుని చూపించండి" అంటే చాలు, మాట మార్చేస్తుంది. భుజాన పమిట వేసి చూపిస్తుంది తప్ప, చీర చుట్టుకుని అటూ ఇటూ తిరిగి చూపించిన పాపాన పోలేదు. సుధాకర్ ఏనాడూ ఆ గుంట గురించి ఒక్క మాట అన్నవాడు కాదు. ఆదివారం పేపర్లో వచ్చిన వ్యాసం కత్తిరించి ఆమె బీరువాలో దాచుకోవడం చూశాక మాత్రం అతనే కదిపాడు. "నాకైతే ఏ తేడా లేదు మీనా. నీకు తేడా ఉందంటే మాత్రం వెళ్దాం," అన్నాడు. ఒంట్లో ఒకచోట కొవ్వు తీసి ఇంకోచోట పెడతారట, కాకినాడలోనూ చేస్తున్నారట అన్నది ఆ వ్యాసం సారాంశం. 2007వ సంవత్సరం అది. అంతకుముందు అలాంటివి సినిమావాళ్ళకే అనుకునేవాళ్ళు. ఆ ఉదయం లావణ్యని బడిలో దింపి, దుకాణం తలుపులు తియ్యకుండానే ఇద్దరూ కాకినాడ బస్సెక్కారు.

డాక్టర్ హరిచందనకి నలభై ఏళ్ళు కూడా ఉండవు. మాటలో గట్టితనం ఉంది గాని గర్వం లేదు. మీనాకుమారి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి చూసి, "ఇక్కడ సరిపడా ఉందమ్మా," అంది.

"దానికేం లోటు లేదండి," అన్నాడు తెర అవతలి నుంచి సుధాకర్. మీనాకుమారి ఇక్కడినుంచే అటువైపు గుడ్లురిమింది.

"చాలామంది కొవ్వు తీసి ముద్దలా అక్కడ కూరేస్తారనుకుంటారు," అని డాక్టర్ నవ్వుతూ మొదలుపెట్టింది. "అలా కాదు. ముందు ఉప్పునీళ్ళలో తిమ్మిరి మందూ, నెత్తురు కారకుండా చేసే మందూ కలిపి పొట్టలోకి ఎక్కిస్తాం. తర్వాత సన్నటి గొట్టంతో నెమ్మదిగా కొవ్వు లాగుతాం. అది మెషిన్లో వేసి తిప్పితే మూడు పొరలవుతుంది. పైన నూనె తేలుతుంది, కింద నెత్తురు నీళ్ళు మిగులుతాయి. ఆ రెండూ పారేస్తాం. నడిమి పొరలో ఉన్నదే ప్రాణమున్న కొవ్వు. మనక్కావలసింది అదే."

"ఆ ముద్దని..." అని మీనాకుమారి అడగబోయింది.

"ముద్ద కాదన్నానా! మాది మండపేట దగ్గర వ్యవసాయ కుటుంబమే. మీరూ ఊడ్పులు చూసే ఉంటారుగా. నారు కట్ట మొత్తం తెచ్చి ఒక్కచోట గుచ్చితే ఏమవుతుంది?"

"కుళ్ళిపోతుందండి."

"మరి? నాలుగేసి మొక్కలు, మధ్యలో ఎడం ఇచ్చి ఊడుస్తారు. ఇదీ అంతే. చిన్నచిన్న బొట్లుగా, పొరలు పొరలుగా పెట్టాలి. ప్రతి బొట్టుకీ చుట్టూ నెత్తురు పారే కండ తగలాలి. మొదటి నాలుగైదు రోజులూ చుట్టుపక్కల ఊరే తడితోనే బతుకుతుంది. ఈలోగా సన్నటి రక్తనాళాలు దాన్లోకి పాకితే నిలుస్తుంది, లేకపోతే కరిగిపోతుంది. పెట్టిన దాంట్లో సగమో, ఇంకాస్త ఎక్కువో నిలుస్తుంది. మూడు నెలలు పోయాక గాని ఎంత మిగిలిందో చెప్పలేం. రెండోసారి చెయ్యాల్సి రావచ్చు. అన్నాళ్ళూ ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు, నొక్కకూడదు, మాలిష్ చేయించుకోకూడదు."

"నిలిచింది ఎన్నాళ్ళుంటుందండి?"

"మీతోనే ఉంటుంది. కాకపోతే మీరు లావైతే అదీ లావవుతుంది, చిక్కితే చిక్కుతుంది. ఎక్కడికి మార్చినా పొట్టలో పుట్టిన బుద్ధి పోదు."

మీనాకుమారికి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో తన తుంటి గురించి ఎవరైనా మాట్లాడుతుంటే నవ్వడం అదే మొదటిసారి. డాక్టర్ ఆమెను బోర్లా పడుకోమని గుంటని చేత్తో తడిమి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది ఎలా అయిందమ్మా?"

మీనాకుమారికి ఆ కథ కంఠతా వచ్చు. "నాకు నాలుగేళ్ళప్పుడండి. వద్దంటే వినకుండా గడ్డిమేటు ఎక్కానట. జారి కింద గేదెను కట్టే గుంజ మీద పడ్డాను. లోపలికి దిగిపోయింది. నాకు గుర్తుంది కూడానూ. గడ్డి జారిపోతుంటే చేతికి ఏదీ దొరకలేదు."

డాక్టర్ ఆమెను లేచి కూర్చోమని, సుధాకర్‌ని కూడా లోపలికి పిలిచింది.

"గుంజ దిగితే చర్మం అడ్డదిడ్డంగా చిరుగుతుందమ్మా. మీకున్నది బ్లేడుతో తిన్నగా కోసిన గీత. పక్కనే చీము కారడానికి గుడ్డపేలిక దోపిన మచ్చ కూడా ఉంది. పైగా చోటు చూడండి. పిల్లలకి సూది ఎక్కడ వేస్తారో సరిగ్గా అక్కడే ఉంది. మీకు ఇంజెక్షన్ వేసినచోట చీము పట్టింది. దాన్ని ఎవరో కోశారు. కండా కొవ్వూ తినేసి, చర్మం లోపలికి అతుక్కుపోయింది."

"కాదండీ. నాకు గుర్తుంది," అంది మీనాకుమారి.

"నాలుగేళ్ళ వయసు సంగతి. గుర్తుండటం వేరు, వినీ వినీ గుర్తున్నట్టు అనిపించడం వేరు," అంది డాక్టర్ మెత్తగానే. "నేను తప్పు పట్టడానికి అడగట్లేదు. మామూలు చీముగడ్డ అయితే లోపలి అతుకుల్ని సూదితో విడదీసి కొవ్వు పెడతాను. అదే క్షయ గడ్డ అయితే లోపల ఇంకా నిద్రపోతూ ఉండొచ్చు. నేను కదిపితే లేచి కూర్చుంటుంది. అప్పుడు పెట్టిన కొవ్వు మాట అటుంచి, మీ ప్రాణం మీదికి వస్తుంది. పరీక్షలు నేను ఎలాగూ చేయిస్తాను. కానీ ఏ మందు వేశారు, ఎన్నాళ్ళు చీము కారింది, ఎవరు కోశారు అన్నది నాకు తెలియాలి. ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?"

"మా నాన్నగారు డాక్టరేనండి. అంటే, ఊళ్ళో ఆర్‌ఎంపీ."

"అయితే మరీ మంచిది. ఆయనకి గుర్తుంటుంది," అంది డాక్టర్ హరిచందన.

తిరుగు బస్సులో మీనాకుమారి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సుధాకర్ రెండుసార్లు వేరుశెనక్కాయల పొట్లం ముందుకు జాపి, ఆమె చూడకపోతే వెనక్కి తీసుకున్నాడు.

"ఆ డాక్టరమ్మ పొరబడి ఉండొచ్చుగా మీనా."

"ఉండొచ్చు. అడిగితే తెలుస్తుంది. నేను ద్రాక్షారామంలో దిగిపోతాను. మీరు వెళ్ళి పిల్లని తెచ్చుకోండి."

ద్రాక్షారామం నుంచి ఆటోలో మూడు కిలోమీటర్లు పుట్టింటికి. వెంకటరాజుగారు ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళకి డాక్టరు. డిగ్రీలు లేకపోయినా ముప్పై ఏళ్ళ అనుభవం, చల్లటి చెయ్యి అని పేరు. వీధి అరుగు మీద రోగులకోసం బల్ల వేసి ఉంటుంది. పెళ్ళానికి కూడా ఆయన డాక్టరుగారే.

శ్యామలాంబ వసారాలో కూర్చుని గోంగూర వలుస్తోంది. "ఫోనైనా చెయ్యకుండా వచ్చేశావేంటే? పిల్ల ఏదీ? అల్లుడుగారితో ఏమైనా..." అంటూ కంగారుగా లేవబోయింది.

"ఏం లేదమ్మా, కూర్చో. ఒక్క మాట అడగాలి. నాకు తుంటి మీద గుంట ఎలా పడింది?"

శ్యామలాంబ చేతిలోని కాడ చేతిలోనే ఉండిపోయింది. "ఇప్పుడదెందుకు? మీ నాన్నగారు వచ్చాక అడుగు," అంది.

మీనాకుమారి తల్లి మొహంలోకి చూసింది. పాతికేళ్ళుగా వచ్చిన చుట్టానికల్లా ఆ గడ్డిమేటు కథని గుక్క తిప్పుకోకుండా చెప్పిన మనిషి తన తల్లి. ఈరోజు మాత్రం నాన్నగారిని అడగమంటోంది. ఇంకేం అడగాలి? ఐనా ఆమె మనసు ఒప్పుకోలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకోవాలని ఇంట్లో వాళ్ళకే ఉండదు కాబోలు.

వెంకటరాజుగారు మోపెడ్ మీద వచ్చేసరికి అరుగు మీద సంపూర్ణమ్మ మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది. ఊళ్ళో ఏ వార్త అయినా ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళాలంటే ఆవిడ నోటిమీదుగానే వెళ్ళాలి. ఆయన కూతురిని చూసి మొహమంతా నవ్వు చేసుకుని, "వస్తున్నానమ్మలూ, ఈవిడకో సూది పొడిచి వస్తాను," అన్నాడు. ప్యాకెట్టు చింపి కొత్త సూది తీసి, సంపూర్ణమ్మకి వెలుగులో ఎత్తి చూపించి మరీ వేశాడు.

"ఈ అమ్మాయి మీ గడ్డిమేటు మీంచి పడ్డ పిల్లే కదండీ?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"ఆ, అదే. ఒక్కసారి మాట వినకపోతే ఏమవుతుందో ఒంటిమీదే రాసి ఉంది. అప్పట్నుంచి మళ్ళీ మాట జవదాటితే ఒట్టు," అన్నాడాయన గర్వంగా.

ఆ మాట మీనాకుమారి ఎన్ని వందలసార్లు విన్నదో లెక్కలేదు. ఈరోజు మాత్రం చెవిలో సీసం పోసినట్టయింది. అప్పటికప్పుడు అడిగేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ సంపూర్ణమ్మ ముందు అడిగితే తండ్రి పరువేం కాను? ఆవిడ కుంటుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా ఆగింది. అలా ఆగినందుకు తర్వాత తనమీద తనకే ఒళ్ళు మండింది.

"నాన్నగారూ, పొట్టలో కొవ్వు తీసి ఈ గుంటలో పెడతారంటే కాకినాడలో డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఇది గుంజ దెబ్బ కాదంది. సూది గడ్డ అంది."

వెంకటరాజుగారు చేతులు కడుక్కుంటూ నవ్వాడు. "ఎవరా డాక్టరమ్మ? నిన్నగాక మొన్న పుట్టి ఉంటుంది. నా సర్వీసంత లేదు ఆవిడ వయసు. నువ్వు గడ్డిమేటు మీంచి పడ్డావు. నేనే ఎత్తుకుని లోపలికి తెచ్చాను. అయినా ఇన్నాళ్ళకి నీకీ షోకులేంటి? ఒకచోట కొవ్వు తీసి ఇంకోచోట పెట్టడం ఏంటి, బొమ్మకి మట్టి అద్దినట్టు?"

"షోకే అనుకోండి. నేనడిగింది దాని గురించి కాదు. క్షయ గడ్డేమోనని అనుమానపడుతోంది ఆవిడ. అదే అయితే కదిపితే ప్రమాదమట. ఏడాదిపాటు మందులు మింగాలేమో. నాకూ ఏడేళ్ళ పిల్లుంది నాన్నగారూ."

"క్షయేంటి, నీ మొహం!" అని వెంకటరాజుగారు గట్టిగా అరిచాడు. "క్షయ గడ్డ అలా మూడు వారాల్లో మానుతుందా? అది మామూలు చీముగడ్డే. భయపడకు."

అనేశాక ఆయన నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. వసారాలో శ్యామలాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గుంజ మీద పడితే చీముగడ్డ ఎక్కడిది నాన్నగారూ?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎప్పుడో ఆరిపోయిన చేతులవి.

"నువ్వు చెప్పమ్మా," అంది మీనాకుమారి తల్లివైపు తిరిగి.

"నీకు దగ్గూ జ్వరం," అని శ్యామలాంబ నేలచూపులు చూస్తూ మొదలుపెట్టింది. "పెన్సిలిన్ అయిదు రోజులు వెయ్యాలన్నారు డాక్టరుగారు. అప్పట్లో ఈ ప్యాకెట్టు సూదులెక్కడివే? గాజు సిరంజీ, అవే సూదులు. రోజూ కిరసనాయిలు స్టౌ మీద ఉడకబెట్టి వాడేవారు. మూడోనాడు కిరసనాయిలు అయిపోయింది. పొద్దున్న ఎవరికో వేసి వచ్చిన సూదే ఉంది. కట్టెల పొయ్యి రాజేసి ఉడకబెడతానండీ అన్నాను. నా మాట వినలేదు. మన పిల్లే కదా, ఏం కాదులే అని స్పిరిట్టు దూదితో తుడిచి వేసేశారు. వారం తిరక్కుండా కమలాపండంత వాచింది."

"కాకినాడ తీసుకెళ్ళలేదా?"

"తీసుకెళ్తే నలుగురికీ తెలిసిపోతుందిగా. డాక్టరుగారి సూదికి ఆయన కూతురికే చీము పట్టిందంటే ఇంకెవరొస్తారు? ఇంట్లోనే కోశారు. నిన్ను బోర్లా పడుకోబెట్టి కాళ్ళూ చేతులూ నేనే పట్టుకున్నాను." శ్యామలాంబ వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వు బోర్లా పడుకునే ఉంటున్నావేంటని ఇరుగుపొరుగూ అడిగితే, గడ్డిమేటు మీంచి పడిందని ముందు అన్నది నేనేనే. అప్పటికి నోటికొచ్చింది అనేశాను. తర్వాత అదే నిలిచిపోయింది."

మీనాకుమారి అరుగు స్తంభానికి ఆనుకుంది. కళ్ళ ముందు గడ్డి జారుతూనే ఉంది. పసుపుపచ్చటి వరిగడ్డి, పట్టు దొరకని చేతులు, కింద నల్లటి గుంజ. అంత స్పష్టంగా కనిపిస్తున్నది అసలు జరగనే లేదు. కన్నవాళ్ళు ఒంటిమీద గుంట చేస్తే చేశారు, తలలోకి కూడా చెయ్యిపెట్టి లేనిది పెట్టారు.

"పోనీ, అప్పుడు భయపడి చెప్పారు. దాన్ని అక్కడితో వదిలెయ్యొచ్చుగా నాన్నగారూ! ఏడో తరగతిలో ఖోఖో టీములోకి తీసుకుంటే నేను వెళ్తానన్నాను. మీరేమన్నారు? ఒకసారి మాట వినకపోతే ఏమైందో చూశావుగా అన్నారు. ఇంటరయ్యాక కాకినాడలో నర్సింగు చదువుతానని అన్నం మానేశాను. అప్పుడూ అదే మాట. నేను నోరు మూసుకున్నాను. ఎందుకు? నేను మాట వినని పిల్లని, మాట వినకపోతే నాకు దెబ్బలు తగుల్తాయి అని నమ్మాను కాబట్టి. పోయిన నెల నా కూతురు జామచెట్టెక్కితే చెంప ఛెళ్ళుమనిపించాను. ఏడుస్తూ ఎందుకమ్మా కొట్టావని అడిగింది. దానికీ గడ్డిమేటు కథే చెప్పాను. నేను! నా నోటితో!"

"అరవకమ్మా, వీధిలోకి వినిపిస్తుంది," అన్నాడు వెంకటరాజుగారు.

"ఇప్పుడు కూడా వీధేనా మీకు?"

ఆ మాటతో ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఆ సూది మీదే మీరంతా తిన్నారు. నీ చదువు, నీ పెళ్ళి, ఈ ఇల్లు అన్నీ దాని మీదే. ఆరోజు నలుగురూ నా గడప తొక్కడం మానేస్తే ఏం తినేవాళ్ళం? ఒక్క చీముగడ్డకి నా జన్మంతా బలి ఇమ్మంటావా?"

"మిమ్మల్ని ఇవ్వమన్లేదు. నన్ను ఇచ్చారు," అంది మీనాకుమారి. "అబద్ధం ఒక్కటే అయితే నేను కడుపులో పెట్టుకునేదాన్ని. తప్పు మీది. దాన్ని తీసుకొచ్చి నా నెత్తిన పెట్టి, నన్ను అదిలించడానికి వాడుకున్నారు. అది నావల్ల కావట్లేదు."

చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. "అన్నం తినకుండా వెళ్ళకే, నీకు దణ్ణం పెడతాను," అని శ్యామలాంబ గేటుదాకా వచ్చింది. మీనాకుమారి వెనక్కి తిరగలేదు. పుట్టింటినుంచి ఉత్త కడుపుతో వెళ్ళడం ఆమెకి ఊహ తెలిశాక అదే మొదలు.

తర్వాత పదహారు రోజులు పుట్టింటినుంచి ఫోన్ వస్తే సుధాకరే తీసేవాడు. "దుకాణంలో ఉందండి అత్తయ్యగారూ," "నిద్రపోయిందండి," అని అబద్ధాలాడి, పెట్టేశాక ఆమె మొహం చూసి నాలిక కరుచుకునేవాడు. తమ ఇంట్లో అబద్ధం అన్న మాటకే విలువ మారిపోయింది. మీనాకుమారి లావణ్యని దగ్గర కూర్చోబెట్టుకుని గడ్డిమేటు కథ నిజం కాదని చెప్పింది. "మరి నన్నెందుకు కొట్టావు?" అని ఆ పిల్ల మళ్ళీ అదే అడిగింది. తల్లి తప్పయిపోయిందని కూతురికి చెప్పింది. ఆ ఒక్క మాట అనడం ఎంత తేలికో తెలిసేసరికి తండ్రిమీద కోపం ఇంకా పెరిగింది.

పరీక్షల రిపోర్టులు తీసుకుని మళ్ళీ కాకినాడ వెళ్ళిన రోజు, హాస్పిటల్ వరండాలో బెంచీ చివర వెంకటరాజుగారు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గాని గడ్డం గీసుకోవడం మర్చిపోయాడు. పదహారు రోజుల్లో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. మీనాకుమారి భర్తవైపు చూసింది.

"మామయ్యగారు తేదీ అడిగారు. చెప్పాను. నీకు చెప్పొద్దన్నారు. ఇదే ఆఖరి అబద్ధం, ఒట్టు," అన్నాడు సుధాకర్.

ఆమె పేరు పిలవగానే లేచి లోపలికి వెళ్ళింది. ఆయనా వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మా నాన్నగారండి," అంది మీనాకుమారి ముక్తసరిగా.

"రండి డాక్టరుగారూ, కూర్చోండి," అని డాక్టర్ హరిచందన గౌరవంగా కుర్చీ చూపించింది.

"నేను డాక్టరుని కాదండి," అన్నాడు వెంకటరాజుగారు. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం ఎవరూ వినలేదు. "ఈ పిల్ల తండ్రిని. ఆ సూది వేసింది నేనే."

నిలబడే అన్నీ చెప్పాడు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నోరోజు వాచింది, ఏ బ్లేడుతో కోశాడు, ఎన్ని రోజులు పేలిక మార్చాడు. ఇరవై నాలుగేళ్ళ పైమాటే అయినా ఒక్కచోట కూడా తడుముకోలేదు. కిరసనాయిలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కూతురివైపు చూడలేకపోయాడు.

"బయటివాళ్ళ పిల్లయితే కట్టెల పొయ్యి మీదైనా మళ్ళీ ఉడకబెట్టేవాణ్ణండి. వాళ్ళకి జవాబు చెప్పుకోవాలిగా. మన పిల్లే కదా అనుకున్నాను."

డాక్టర్ రాసుకుంటున్నది ఆపి ఆయనవైపు చూసింది. "పెన్సిలిన్ వేస్తున్న చోటే వారంలోపు వాచింది, కోశాక మూడు వారాల్లో మానింది. ఎక్స్‌రే, రక్తపరీక్షలు కూడా బాగానే ఉన్నాయి. క్షయ అనుకోవడానికి ఏమీ లేదమ్మా," అంది మీనాకుమారితో. "లోపల అతుకులు గట్టిగా ఉన్నాయి కాబట్టి మొదటిసారి తక్కువే పెడదాం. ఎంత నిలుస్తుందో చూసి మిగతాది తర్వాత. వచ్చే మంగళవారం రండి."

బయటికొచ్చాక సుధాకర్ ఏదో పనున్నట్టు మందుల షాపు వైపు వెళ్ళిపోయాడు. తండ్రీ కూతుళ్ళు బెంచీ మీద ఇద్దరి మధ్య మనిషి పట్టేంత ఎడంగా కూర్చున్నారు.

"నిన్న సంపూర్ణమ్మగారికి చెప్పాను," అన్నాడు వెంకటరాజుగారు.

"ఏం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను. నువ్వు గడ్డిమేటు ఎక్కలేదని, నా సూదికే అయిందని. ఇంకెవరికీ చెప్పక్కర్లేదుగా. ఈపాటికి ఊరు దాటేసి ఉంటుంది."

మీనాకుమారికి ఇంకా కోపం పోలేదు. ఖోఖో తిరిగి రాదు, నర్సింగు రాదు, పోయిన ఏళ్ళు ఏ పొట్టలోంచి తీసి ఏ డాక్టరు పెడతాడు? ఐనా ఒక్కటి అడక్కుండా ఉండలేకపోయింది. గడ్డి జారడం గుర్తుంది గాని, అసలు జరిగింది ఆమెకి ఒక్క ముక్క కూడా గుర్తులేదు. అది తెలిసినవాడు ఈయనొక్కడే.

"కోసినప్పుడు నేను బాగా ఏడ్చానా?"

ఆయన ఎదురుగా ఉన్న గోడవైపు చూస్తూ చెప్పాడు.

"గుక్కపట్టి ఏడ్చావు. బోర్లా ఉన్నావుగా, కోసింది ఎవరో నీకు కనపడలేదు. అయిపోయాక మీ అమ్మ ఎత్తుకోబోతే దాని దగ్గరికి వెళ్ళలేదు. నా మీదికి పాక్కుంటూ వచ్చి, మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, నాన్నా, ఎవరో నన్ను కోశారు, వాళ్ళని కొట్టు అన్నావు." ఆయన కళ్ళనుంచి నీళ్ళు గడ్డంలోకి జారాయి. "కొడతానమ్మలూ అని మాటిచ్చాను. ఇన్నేళ్ళూ వాణ్ణి దాచిపెట్టాను."

మీనాకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. బెంచీ మీద మధ్యలో ఉన్న ఖాళీని దాటి జరిగింది. ఆయన కొట్టమన్నట్టుగా తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె కొట్టలేదు. నాలుగేళ్ళ పిల్ల పట్టుకున్నట్టే రెండు చేతులూ ఆయన మెడ చుట్టూ వేసి, వచ్చేపోయే రోగులంతా చూస్తుండగా, "నాన్నా" అని ఏడ్చింది.